బుల్లెమ్మగారింట్లో ఛార్జింగు

ఎనిమిదింటికి ధవళేశ్వరంలో బయలుదేరితే తొమ్మిదిన్నరకల్లా రామచంద్రపురం చేరిపోవచ్చని రాజేంద్ర ఆలోచన. పదకొండున్నరకి అక్క వీరవేణి కూతురికి చెవులు కుట్టే ముహూర్తం. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవలసిన మేనమామ తనే. బంగారు కమ్మలూ తన జేబులోనే ఉన్నాయి. పైగా కరెంటు కారు కొన్న దగ్గర్నుంచీ ఆట పట్టిస్తున్న ఉదయభాస్కర్ బావ ముందు ఆ కారులోంచే దర్జాగా దిగాలని మహా కోరికగా ఉంది.

కాకపోతే రాజేంద్రకి కాదనడం చేతకాదు. పెట్రోలు కారైతే అడగడానికి మొహమాటపడే వీధివాళ్లంతా "కరెంటే కదా, ఏం అరిగిపోద్ది?" అంటూ ముందురోజు సాయంత్రం బ్యారేజీ దాకా పద్దెనిమిది ట్రిప్పులు వేయించుకున్నారు. రాత్రి ఛార్జింగు పెడదామంటే కరెంటు పోయింది. ఉన్నదానితో చేరిపోతాంలే అని బయలుదేరాడు. సగం దారిలో, కాలవగట్టు మీద, కారు మూడు శాతం చూపించి నీరసపడింది.

ఎదురుగా ఒక డాబా ఇల్లు. అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తున్న ఇంటావిడ బుల్లెమ్మకి సంగతంతా చెప్పుకున్నాడు.

"ఒక్క గంట ప్లగ్గు ఇప్పిస్తే నా దారిన నేను పోతానండి."

"అయ్యో, దానికేం భాగ్యం బాబూ! ముందు కాఫీ తాగుదురుగాని, రండి."

"వద్దండి."

అక్కడే కొంప మునిగింది. వద్దండి అన్న మాటని మాటగా తీసుకునే అలవాటు ఆ జిల్లాలో ఎవరికీ లేదు. పరగడుపున కాఫీ పడదు కాబోలనుకుని బుల్లెమ్మ పెసరట్టు వేస్తానంది. అదీ వద్దన్నాడు. అయితే భోజనమే చేస్తాడనుకుంది. ముహూర్తం ఉందండీ, వద్దండీ అని రాజేంద్ర దణ్ణం పెట్టేసరికి ఆవిడ గుండె కరిగిపోయింది. శుభకార్యానికి వెళ్తున్న మేనమామకి గారెలూ పరమాన్నం లేకుండా ఎలా? పక్కింటి మరిడమ్మని కేకేసి మినప్పప్పు బయటికి తీసింది.

గంట తర్వాత రాజేంద్ర ఆశగా వెళ్లి చూస్తే కారు ఐదు శాతం దగ్గరే ఉంది.

"ప్లగ్గు ఎవరు తీశారండీ?"

"నేనే బాబూ. గ్రైండరుకీ ఆ పెద్ద ప్లగ్గే గతి. పిండి అవ్వగానే పెట్టేస్తాను. కారెక్కడికి పోద్ది?"

ఇంతలో వీరవేణి ఫోను. "ఎక్కడున్నావురా? కంసాలి వచ్చి కూర్చున్నాడు!" రాజేంద్ర ఎక్కడ ఆగిపోయాడో చెప్పాడు. "ఉండు, మీ బావగారిని పంపిస్తున్నా."

పదిన్నరకి ఉదయభాస్కర్ డీజిలు కారులో దిగి, పగలబడి నవ్వాడు. "ఏరా బామ్మర్దీ, నీ బండికి తోపుడు మనుషుల్ని కూడా ఇచ్చారా? ఎక్కు, ఎక్కు." బుల్లెమ్మ కాఫీ గ్లాసుతో ఎదురొచ్చింది. ఆయన చెయ్యి అడ్డంపెట్టి, "వద్దండి, టైము లేదు" అన్నాడు.

రాజేంద్ర కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి డీజిలు కారు తాళంచెవి బుల్లెమ్మ కొంగుముడిలో ఉంది. "తిన్నాక ఇస్తాను అల్లుడుగారూ. కాళ్లు కడుక్కోండి."

పదకొండూ ఇరవై అయింది. తమ్ముడితోపాటు తీసుకురావడానికి వెళ్లిన మొగుడూ ఇరుక్కుపోయాడని ఫోనులో విని వీరవేణి పిల్లనీ, కంసాలినీ, పదిమంది చుట్టాలనీ రెండు బ్యాటరీ ఆటోల్లో ఎక్కించుకుని వచ్చిపడింది. తమ్ముణ్ణి తిట్టడానికి నోరు తెరిచేలోపే బుల్లెమ్మ అరుగు మీద చాప పరిచేసింది.

"మేనమామ ఇక్కడే ఉన్నాడు, పిల్లా వచ్చింది. ఇంకేం కావాలమ్మా? కూర్చోండి."

సరిగ్గా పదకొండున్నరకి, ముక్కూ మొహం తెలియని వాళ్ల అరుగు మీద, రాజేంద్ర ఒళ్లో పిల్లకి చెవులు కుట్టారు. పిల్ల కెవ్వుమంది. ముహూర్తం దక్కినందుకు రాజేంద్రకీ కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత అందరికీ విస్తళ్లు పడ్డాయి. ఉదయభాస్కర్ ఒక్కో గారెకీ వద్దండి, వద్దండి అంటూనే పోయాడు. బుల్లెమ్మ వేస్తూనే పోయింది.

గ్రైండరు పని అయిపోయింది కనుక సాయంత్రానికి రామచంద్రపురం చేరేంత ఛార్జింగు ఎక్కింది. డీజిలు కారు సలక్షణంగానే ఉంది గానీ గారెలతో నిండిన దాని యజమాని పొట్ట స్టీరింగు వెనక పట్టే స్థితిలో లేదు. దాన్ని అక్కడే ఉంచి, చుట్టాల్ని ఆటోల్లో పంపేసి, అక్క పిల్లతో రాజేంద్ర కారు ముందు సీట్లో కూర్చుంది, బావగారిని వెనక సీట్లో పడుకోబెట్టారు. రాజేంద్ర తన కారుని అత్తవారి వీధిలోకి తీసుకొచ్చినంత గర్వంగా అక్కగారి వీధిలోకి తీసుకొచ్చాడు.

గుమ్మం ముందు ఆగాక ఉదయభాస్కర్ ఒక కన్ను తెరిచి, "చప్పుడు లేదురా, నిద్ర బాగా పట్టింది" అని కారుకి యోగ్యతాపత్రం ఇచ్చాడు.