షెబాయిగన్ పీపా సమరం

మిషిగన్ సరస్సు మీద ఉదయభానుడు కాంచనకిరణజాలాన్ని పరచగా, షెబాయిగన్ పట్టణాన పెరటిపెరటా సాసేజీలు కాలుస్తున్న పొగ మేఘమండలాన్ని ముట్టడిస్తున్న ఆ వేసవి శనివారం, స్వహస్తపక్వ యవమద్యవిశారదుడు, గరాజ్‌దుర్గాధీశ్వరుడు అయిన హార్లన్ వోస్కిల్ తన పాత ఫ్రీజర్ మూత ఎత్తాడు. లోపల స్టీలు పీపా నిండా ఇంట్లో కాచిన బీరు. పక్కన, వారంగా దానికి బుడగలు ఎక్కిస్తున్న సోడా గ్యాసు సిలిండరు.

కుళాయి తిప్పాడు. బీరు దిగింది. నురగ లేదు. సిలిండరు ముల్లు చూస్తే సున్నా!

"అయ్యో బావా, మళ్ళీ బార్లీ కషాయమేనా?" అన్నాడు బావమరిది డ్వేన్, కొనుక్కొచ్చిన డబ్బాల పెట్టె దించుతూ. "జ్వరమొచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పు, పోసొద్దాం."

"చుట్టాలొచ్చేలోగా నురగ రాలేదో, ఆ ఫ్రీజర్ నాది," అంది ఇల్లాలు లోర్నా. "జింక మాంసం పెట్టుకుంటా. నీ పీపాలు ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం."

రాజ్యమే పణమైంది! హార్లన్ సింహంలా గర్జించాడు: "ఒరే డ్వేన్, విను! ఈ పీపా నురగ కక్కనిదే నేను సాసేజీ ముట్టను. ఆవముద్ద వేలితో కూడా నాకను!"

"ఆవముద్ద కూడానా! అక్కా, అంబులెన్సు పిలువు."

హార్లన్ ఇంకో సిలిండరు తగిలించి, పీపా మూత చుట్టూ సబ్బునీళ్ళు రాశాడు. అంచున ఒక్క బుడగ లేచింది; దాని వెనక బుడగల అక్షౌహిణి! శత్రువు చిక్కాడు. ఆ మూతకు లోపలినుంచి తోసే ఒత్తిడే తాళం. గ్యాసు ఆదా చేద్దామని మహావీరుడు మొదటినుంచీ బొటాబొటిగా వదిలాడు. మూత బిగుసుకోలేదు, వారం గ్యాసంతా గాలిపాలైంది. పిసినారి బేరంలో లాభం ఎప్పుడూ గాలికే.

మూత తీసి, దాని అంచున ఎండిన రబ్బరు చుట్టుకు జిడ్డు పట్టించి, తిరిగి పెట్టి, ఒత్తిడి ఒక్కసారిగా పెంచాడు. ధణ్! మూత బిగిసింది. బుడగల సేన అదృశ్యం. ఇక ఆ రజతకుంభాన్ని ఒళ్ళో వేసుకుని, గ్యాసు గొట్టంతో సహా, గ్యాసు బీరులో త్వరగా కరగాలని పసిబిడ్డను ఊపినట్టు ఊపాడు. చెమట సెలయేరై పారేదాకా ఊపాడు.

"జోల కూడా పాడు బావా!" అంటూ డ్వేన్ ఆగలేక కుళాయి లాగాడు.

"ముట్టుకోకురా! ఇప్పుడే ఊపాను, అది కాస్త..."

క్షీరసాగరం పొంగింది! నురగ డ్వేన్ టోపీని, మీసాలను, డబ్బాల పెట్టెను ఏకంగా ముంచెత్తింది.

లోర్నా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "సరేలే, ఫ్రీజర్ నీదే. కాస్త ఆగి నాకో గ్లాసు పొయ్యి."

పీపా శాంతించాక హార్లన్ పోశాడు. గ్లాసు మీద రెండు వేళ్ళ మందాన తెల్లని నురగ నిలిచింది. దిక్కులారా, వినండి! లోర్నా ఒక సాసేజీ పూర్తిగా తినేవరకు అది చెక్కుచెదరలేదు.