నీలకంఠం నీళ్లు తాగిన రోజు

ఆ సోమవారం నీలకంఠం అనుకున్నది పెద్ద పనేమీ కాదు. రెండు ఇడ్లీలు తిని, వన్ టౌన్ నుంచి నడిచి తొమ్మిదికల్లా రేవు చేరాలి. ఇంజనీరు ఎదుట పది లోడ్లు ఎత్తి దించాలి. పర్మినెంటు కావాలి. పదకొండేళ్లుగా టెంపరరీ క్రేను డ్రైవరు. ఇవాళ తప్పితే ఆ పోస్టు ఇంకొకడికి పోతుంది.

నీళ్లు మాత్రం ముట్టడు. డెబ్భై అడుగుల నిచ్చెన మాటిమాటికీ దిగితే ఫోర్‌మన్ తిడతాడు. క్రేను కట్టినవాడు మోటారుకి నూనె పొయ్యడానికి చోటు చూశాడు గానీ, పైనున్న మనిషి ఒంటికి వెళ్తాడన్న సంగతి మరిచాడు.

ఆరున్నరకి చెప్పుల్లో కాలు పెడుతుండగా కుడిపక్క, వెనకాల, పక్కటెముకల కింద కత్తి దిగినట్టయింది. నొప్పి గజ్జల దాకా పాకింది. గడప మీదే కూలబడ్డాడు.

“గేసే! రాత్రి బజ్జీలొద్దంతే ఇన్నావా?” అంటూ భార్య జోగమ్మ సోడా పట్టించింది.

పక్కవాటా బావమరిది జగ్గారావు ఒప్పుకోలేదు. “గేసేటి? నడుం పట్టేసింది. బోర్లా పడుకో బావా, నాను సూత్తాను,” అని వీపు మీద మోకాలు పెట్టాడు. నీలకంఠం పెట్టిన కేకకి వీధి చివరి డాక్టరు పిలవకుండానే వచ్చాడు.

“కిడ్నీలో రాయిలా ఉంది. నీళ్లు తాగవా?”

“దిగడానికి ఈలవదండి.”

“అందుకే వచ్చింది.” డాక్టరు ఇంజెక్షను ఇచ్చాడు. “వేడి కాపడం పెట్టు. రోజుకి మూడు లీటర్లు, కొంచెం కొంచెంగా తాగు. చలిజ్వరమొచ్చినా, వాంతులైనా, మూత్రం ఆగినా, ఎర్రగా వచ్చినా పెద్దాసుపత్రికి పరిగెత్తు. ఇవాళ పని మానెయ్.”

నొప్పి తగ్గేసరికి మూడు లీటర్లు తప్ప మిగతావన్నీ మరిచిపోయారు.

“పైన ఎలాగూ తాగలేవు. రోజు మొత్తానిదీ ఇప్పుడే తాగెయ్,” అంది జోగమ్మ. క్రేను డ్రైవరు బుర్రకి అది సబబుగానే తోచింది. ఆపైన బార్లీ నీళ్లు, ఉలవకట్టు కూడా తాగి, డాక్టరు మాట పక్కనపెట్టి తొమ్మిదికి క్రేనెక్కాడు.

అయిదో లోడుకి నీలకంఠం కాలు మీద కాలు మెలిపెట్టాడు. ఎనిమిదో లోడుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద పన్నెండుమంది తలల మీదుగా ఇనుప కడ్డీల కట్ట వెళ్తోంది. చెయ్యి వణికితే పోయేది పోస్టొక్కటే కాదు. పళ్లు బిగించి లివరు పట్టుకున్నాడు.

కింద కలాసీ పని చేస్తున్న జగ్గారావు, పైన మెలికలు తిరుగుతున్న బావని చూశాడు. “మళ్లీ ఒచ్చేసింది! సచ్చిపోతన్నాడర్రా!” నలుగురు స్ట్రెచరుతో నిచ్చెన ఎక్కేశారు.

పదో లోడు నేల తాకగానే నీలకంఠం నిచ్చెన అందుకున్నాడు. సగంలో ఎదురయ్యారు.

“దిగండ్రా!”

“బయపడకు బావా, ఒచ్చేత్తన్నాం!”

“రాకండ్రా! నానే దిగుతాను!”

“నొప్పికి పలవరిత్తన్నాడు. కాళ్లు గట్టిగా పట్టుకోండి!”

మెట్టుమెట్టుకీ ఆపి, ఓదార్చి, దింపారు. నేల తగలగానే వాళ్లని విదిలించుకుని గోడౌను వెనక్కి పరిగెత్తాడు. అక్కడ ప్రాణం పోయినంత పనైంది. నువ్వుగింజంత రాయి మట్టిలో పడింది.

తిరిగొచ్చేసరికి ఇంజనీరు భీమశంకరరావు వాచీ చూస్తూ నిలబడి ఉన్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు నీలకంఠం.

“పది లోడ్లు పద్దెనిమిది నిమిషాల్లోనా? ఒక్కటీ ఊగలేదయ్యా! నువ్వు పర్మినెంటు. వచ్చే నెల నుంచి ఆ కొత్త క్రేను నీదే.”

నీలకంఠం తలెత్తి చూశాడు. తొంభై అడుగులు. ఒంటికి వెళ్లాలంటే దానికీ నిచ్చెన ఒక్కటే దారి.