మోడల్లో లేని కొండ

ఓర్వకల్లు చుట్టుపక్కల హైస్పీడ్ ఇంటర్నెట్ అందని గడప ఇక ఒక్కటి కూడా ఉండబోదని, అదీ గాలివాటంగా కాకుండా శాస్త్రీయంగా జరుగుతుందని మంత్రిగారు ప్రకటించారు.

ఆ శాస్త్రం రెజీనా నెత్తిన పడింది. టవర్ నుంచి బయల్దేరిన తరంగం ఏ రాయికి తగిలి ఎటు మళ్లుతుందో, ఏ ఇంటికి ఎంత చేరుతుందో కొలిచి కంప్యూటర్లో నమూనా కట్టడం ఆమె పరిశోధన. దాన్నే చానల్ మోడలింగ్ అంటారు. నలభై రోజులు ఎండలో యాంటెన్నా మోసింది. ఒక కొండ వెనకున్న పల్లెలో మాత్రం సిగ్నల్ మీటరు సున్నా దాటలేదు.

"నొప్పులొచ్చినా అంబులెన్సుకు ఫోను చేయల్లంటే ఈ కొండెక్కల్ల పాపా," అంది మేకలు తోలుకుపోతున్న విశ్వాసమ్మ.

"కొండ మీద చిన్న టవర్ పెడితే చాలవ్వా. అదే రాస్తా."

అదే రాసింది. ప్రాజెక్టు డైరెక్టర్ రాఘవేంద్రప్రసాద్ గారు రిపోర్టు చదివి తండ్రిలా నవ్వారు.

"మంత్రిగారు నూరు శాతమన్నారు. నీ మోడల్ తొంభై ఒకటి అంటోంది. ఎవర్ని నమ్మాలమ్మా?"

"అడ్డం కొండ ఉండాది సార్."

"ఉంటే ఉండనీ. మోడల్లో ఎందుకు?"

ఆమె పీహెచ్‌డీకి గైడు కూడా ఆయనే; థీసిస్ మీద ఆయన సంతకం కావాలి. రెజీనా మోడల్ తెరిచింది. కోట్ల ఏళ్ల రాయిని డిలీట్ చేయడానికి అర సెకను పట్టింది.

కవరేజీ నూరు శాతం! మంత్రిగారు కర్నూలులో ఆమెకు స్వయంగా శాలువా కప్పి, ఆ మోడల్ను అన్ని శాఖలకూ పంపించారు. పరిశ్రమలకు స్థలాలు వెతికేవాళ్లు అందులో చూసి, పల్లె ముందున్నది చదునైన ఖాళీ స్థలమని రాసుకున్నారు.

సంగతి తెలిసి రెజీనా పరుగున వెళ్లేసరికి కొండ చుట్టూ పొక్లెయిన్లు, కంకర లారీలు.

"కొండను కొట్టమని ఎవరు చెప్పినారప్పా?"

కాంట్రాక్టర్ గోవిందయ్య కాగితం చూపించాడు. "కొండ యాడుందమ్మా? రికార్డులో చదునే ఉండాది. లేని కొండకు పర్మిషన్ కూడా అక్కర్లేదన్నారు."

ఆమె డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. ఆయన గొంతులో ఎంత ఆనందమో! "చూశావా, నీ మోడల్ ముందే కరెక్టు. ఫీల్డే కాస్త లేటుగా వచ్చింది."

ఏడాదిలో కొండ కంకరైంది. చివరి కొలతలకని రెజీనా పల్లెకు వెళ్లింది. మీటరు నిండా సిగ్నల్. మేపడానికి చోటు లేక మేకలన్నీ అమ్మేసిన విశ్వాసమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. ఇంటి దగ్గర అది మోగడం అదే మొదలు. స్పీకర్ నొక్కింది.

"నమస్కారం. మీ మంత్రిని మాట్లాడుతున్నాను. కొండలు ప్రకృతి మనకిచ్చిన వరం. వాటిని కాపాడుకోవడం మనందరి బాధ్యత..."

రెజీనా మీటరు ఆపేసింది.

"శానా బాగా వినపడతాండాడు పాపా," అంది విశ్వాసమ్మ.