కొంగగారికి పోసిన నీళ్ళు

ఒక పెద్ద అడవిలో ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి. అవి వచ్చిన నాటి నుంచి ఉడత సీతాలు పొయ్యి మీద శనగలు ఉడకడం మానేశాయి.

సీతాలుది గుగ్గిళ్ళ అంగడి. మద్దిచెట్టు కింద ఓ పొయ్యి, ఓ మట్టికుండ, తాలింపు మూకుడు. అంతే ఆస్తి. ఆ కుండ ఉడికితేనే ఇంట్లో అందరి కడుపులూ నిండేవి. గుగ్గిళ్ళు బాగున్నాయని ఎవరైనా అంటే చాలు, తోక మొహానికి అడ్డం పెట్టుకునేది. అంత సిగ్గు దానికి.

"ఏమే సీతాలూ, శనగలు పెట్టావా, గులకరాళ్ళు పెట్టావా?" అన్నాడు కొండముచ్చు తాత దవడ పట్టుకుని. "ఉన్నది ఒక్క పన్ను. దాని మీద నీకేం పగ తల్లీ?"

"నిన్ననగా నానేశాను తాతా. పొద్దుటి నుంచీ ఉడుకుతానే ఉన్నాయి. సోడా ఉప్పు కూడా వేశాను. తొక్క ఊడింది గానీ గింజ మెత్తబడలా."

తాత కుండలోకి తొంగి చూశాడు. లోపలంతా వెల్ల వేసినట్టు తెల్లగా గార కట్టి ఉంది.

"తప్పు శనగలది కాదే, నీళ్ళది. పద, సభలో చెబుదువుగాని."

"అమ్మో, నేనా!" తోక మొహం మీదికి వెళ్ళింది. తాత ఆ తోకే పట్టుకుని లాక్కుపోయాడు.

ఇదివరకు అందరూ కొండ మీది ఊట నుంచి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. నక్క సెక్రటరీ అయ్యాక, కొండ దూరమని, దగ్గర్లో ఉన్న సున్నపురాళ్ళ బావి నుంచి వెదురు గొట్టాలు వేయించాడు. ఊట పాడవుతుందని చుట్టూ కంచె కట్టించాడు. ఆ ఊట నీళ్ళే సొరకాయ బుర్రల్లో పోసి తన దుకాణంలో అమ్ముకుంటున్నాడు. ప్రెసిడెంటు పెద్దపులికి మాత్రం ఏనుగు రోజూ ఊట నీళ్ళు మోసి పెడుతుంది. అందుకని ఆయనకు అడవిలో ఏ కష్టమూ కనపడలేదు.

సభలో సీతాలు తోక చాటునే ఉంది. తాతే చెప్పాడు.

"సున్నం ఉంటే మంచిదేగా!" అన్నాడు నక్క. "ఎముకలు గట్టిపడతాయి. అయినా అమ్మా, మీ వంశం రాములవారి వారధికే ఇసుక మోసింది. ఈ కాస్త సున్నం మోయలేవూ?"

సభంతా నవ్వింది. సీతాలు వీపు మీద చారలు కూడా సిగ్గుపడ్డాయి.

"వారధి కట్టడానికైతే పనికొస్తాయి నాయనా ఈవిడ గుగ్గిళ్ళు," అన్నాడు తాత. "తినడానికే పనికిరావు."

ఈసారి పులి కూడా మీసాల చాటున నవ్వాడు. ప్రెసిడెంటు నవ్వాక ఏదో ఒకటి చెయ్యక తప్పదు.

"కొంగగారిని పిలిపిద్దాం దొరా," అన్నాడు నక్క. "నీళ్ళ పరీక్షలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆదివారం ప్రతి ఇంటికీ వచ్చి రుచి చూస్తారు. అందరూ సిద్ధంగా ఉండండి." సిద్ధంగా అన్న మాట కాస్త ఒత్తి పలికాడు.

శనివారం సాయంత్రం అత్త సీతాలు చేతికి బుట్ట ఇచ్చింది. "వెళ్ళి ఓ బుర్రెడు కొండ నీళ్ళు పట్రా."

"ఎందుకత్తా? ఆయనొచ్చేది కుళాయి నీళ్ళు చూడ్డానికేగా?"

"అంత పెద్దమనిషి గడప తొక్కుతుంటే ఆ చవుడు నీళ్ళు పోస్తావుటే? మన ఇంటా వంటా ఉందా? సీతాలింట్లో నీళ్ళు బాగోలేదని రేపు నలుగురూ అనుకోరూ?"

"నలుగురిళ్ళలోనూ అవే నీళ్ళత్తా."

"అందుకే నలుగురూ కొంటున్నారు. వెళ్ళు!"

వెళ్ళింది. నక్క దుకాణం ముందు అడవి అడవంతా వరుసలో ఉంది. తాత కూడా ఉన్నాడు. సీతాలును చూసి బుర్ర వెనక్కి దాచుకుని, "మోకాళ్ళు కడుక్కుందామనీ..." అని నసిగాడు.

ఆదివారం కొంగగారు వచ్చారు. ప్రతి ఇంట్లోనూ ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని, ఇచ్చినవి తాగారు. కుళాయి ఎక్కడుందని ఆయన అడగలేదు. ఎవరూ చూపించలేదు.

సీతాలు ఇంట్లో తాగి, "ఇవి కుళాయి నీళ్ళా, కొబ్బరి నీళ్ళా?" అన్నారు. అవి కుళాయివి కావండీ అని చెప్పబోయింది సీతాలు. అత్త వెనక నుంచి గిల్లింది.

నక్క సభలో కొంగగారి తీర్పు చదివాడు. "ఈ అడవి కుళాయి నీళ్ళకూ కొండ ఊట నీళ్ళకూ ఏమాత్రం తేడా లేదు."

పులికి ఆలోచన మెల్లగా వస్తుంది గానీ, వస్తే మాత్రం వదలదు. "రెండూ ఒకటేనా సెక్రటరీ?"

"అచ్చంగా ఒకటే దొరా."

"మరి ఏనుగు చేత కొండ మీంచి మోయించడం దేనికి? నా గుహకీ కుళాయే వెయ్యండి."

నక్క చెవులు కొంచెం వాలాయి. "చిత్తం దొరా."

"ఇంకోటి. ఇంటింటికీ ఊరికే వచ్చే నీళ్ళని బుర్రల్లో పోసి కొండ నీళ్ళని అమ్ముతావా నువ్వు?"

"అయ్యో దొరా, అవి నిజంగా కొండ నీళ్ళే!"

"అంటే కుళాయివి అలాంటివి కావనా? ఇప్పుడేగా ఒకటేనన్నావు!"

నక్కకు అవునంటే ఒక తప్పు, కాదంటే ఇంకో తప్పు. ఆ పూటే దుకాణం మూయించి బుర్రలన్నీ పగలగొట్టించారు. పదవి మాత్రం ఉంచారు. పదవి పోవాలంటే అంతకంటే చిన్న తప్పు చెయ్యాలి.

అడవంతా చప్పట్లు కొట్టింది, సీతాలు తప్ప. ఒక బుర్ర కొనుక్కుంటే వారానికోసారైనా కుండ ఉడికేది. ఇప్పుడు ఆ చుక్కా పోయింది.

పైగా 'మంచినీటి అడవి' అని సభ ముందు పెద్ద పలక కట్టి, కొంగగారికి సన్మానం, విందు పెట్టారు. నక్క వచ్చి చెప్పాడు. "ప్రెసిడెంటుగారికి నీ గుగ్గిళ్ళే కావాలట. బాగోకపోయాయో, అంగడి ఎత్తేయిస్తా."

సీతాలు ముందురోజు నుంచే మంట పెట్టింది. పుల్లలన్నీ అయిపోయాయి గానీ శనగలు ఉడకలేదు.

"ఇప్పుడెలాగే?" అంది అత్త. కోడల్ని అత్త సలహా అడగడం అదే మొదలు.

"ఎలాగేముందత్తా. మనింట్లో ఉన్నవే పెడదాం," అని ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి ఘుమఘుమలాడేలా తాలింపు పెట్టింది.

విందులో పులి గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. టక్! కోరపన్ను విరిగింది.

"ఏమిటే ఇవి?" అని గర్జించాడు.

సీతాలు తోక మొహం మీదికి లేచింది. సగంలో ఆగింది.

"గుగ్గిళ్ళు దొరా. మన కుళాయి నీళ్ళతోనే ఉడికించాను. కొబ్బరి నీళ్ళలా ఉన్నాయని కొంగగారే అన్నారు." అని ఆ నీళ్ళే ఓ చెంబుడు కొంగగారి ముందు పెట్టింది. "తమరూ పుచ్చుకోండి."

కొంగగారు ఒక్క గుక్క తాగారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

పులి తల పైకెత్తి పలక చూశాడు. నీళ్ళు చెడ్డవంటే పలక అబద్ధం. పలక నిజమంటే పన్ను అబద్ధం. పన్ను బుగ్గన పెట్టుకున్నాడు.

"మెత్తగా ఉన్నాయి," అన్నాడు. "అందరూ తినండి."

ఆ మాటతో వరుసంతా టక్, టక్, టక్. "వెన్నలా కరిగిపోతున్నాయి దొరా," అన్నాడు నక్క, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

"నాకొద్దు నాయనా," అన్నాడు తాత. "నాకున్నది ఒకటే."

ఆ వారమే వెదురు గొట్టాలు చప్పుడు లేకుండా కొండ ఊటకు మారాయి. ఎందుకని అడిగితే, దుమ్ము దులుపుతున్నామన్నారు. పలక పలకలాగే ఉంది. కొంగగారి శాలువా కొంగగారి భుజం మీదే ఉంది.

సీతాలు కుండలోంచి ఓ శనగ తీసి వేళ్ళ మధ్య నొక్కింది. పిండయింది. అత్త నోట్లో పెట్టింది. అత్త నమిలి, ఏమీ అనకుండా, ఇంకోదానికి నోరు తెరిచింది.

నీతి: అతిథిని దేవుడిలా చూడండి గానీ, ఆఫీసరును మాత్రం ఇంటిమనిషిలా చూసుకోండి, మీరు తాగేవే పోయండి.