నీళ్ళు చెడ్డాయని చెప్పే బటను

ఈ లోకంలో ఏ నీళ్ళైనా సరే, చెడిపోయాయని వెబ్‌సైటులో పడేదాకా మంచినీళ్ళే. మురుగ్గొట్టం పగిలి కుళాయిలో కలవనీ, ఆ కంపుకి పిల్లి ఇల్లు వదిలి పారిపోనీ, నియమం నియమమే. నీటి సరఫరా ఆఫీసులో ఇది పదకొండోది. (మొదటి పదీ వెబ్‌సైటు రంగు గురించి.)

ఆ ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నాడు, పాపం, బుద్ధిమంతుడు. ఎప్పుడో ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగిన పుణ్యానికి వెబ్‌సైటు తెచ్చి అతని మెడకి చుట్టారు. ఏళ్ళ తరబడి అతను చేసిందల్లా నాలుగు ముక్కలు టైపు చేసి "ప్రచురించు" నొక్కడమే. సోమవారం పొద్దున గొట్టం పగిలింది. ఆదివారమే సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ వచ్చింది. చూస్తే బటను లేదు. దాని చోట "మీ కథను లోకంతో పంచుకోండి" అని ఉంది.

"కుళాయి నీళ్ళు తాగకండి" అని కథ రాశాడు. ముఖచిత్రం ఏదీ అంది సాఫ్ట్‌వేర్. ఆ కుళాయి నీళ్ళే ఫొటో తీసి పెట్టాడు. చిత్రాల అధికారిణి తిప్పి పంపింది, చూడ్డానికి బాగా లేవని.

"మేడం, అవి ఉన్నదే అలాగండీ."

"అయితే వేరే నీళ్ళు తీయండి."

సీసా నీళ్ళు తెచ్చి, తళతళలాడే గ్లాసు ఫొటో పెట్టాడు. చదివినవాళ్ళకి ఏ భావం కలగాలో ఎంచుకోమంది సాఫ్ట్‌వేర్. ఆనందం, ఉత్సాహం, కృతజ్ఞత ఉన్నాయి. (భయం వచ్చే అప్‌డేట్‌లో ఇస్తారట.) కృతజ్ఞత నొక్కాడు. ఇక పెద్దసారు ఆమోదించాలి. ఆయన పాస్‌వర్డు మర్చిపోయి కొత్తదానికి అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీని ఆమోదించాల్సిందీ ఆయనే.

మధ్యాహ్నం అమ్మ ఫోను చేసింది. "ఒరే నాన్నా, నీళ్ళు కంపు కొడుతున్నాయిరా. తాగొచ్చా?"

"ఇంకా సైటులో రాలేదమ్మా."

"సైటు గొడవ నాకెందుకురా, నీ నోట్లోంచి రాదా?"

పక్కనే పెద్దసారు. గుమాస్తా ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "తాగకమ్మా" అన్నాడు.

అమ్మ గుమ్మంలోకొచ్చి ఒక్క కేక పెట్టింది. ఐదు నిమిషాల్లో వీధి వీధంతా బిందెలు ఒంపేసింది. మిగతా ఊరు మాత్రం గురువారం దాకా, అంటే ప్రకటన వెలువడేదాకా, తాగుతూనే ఉండి మంచం పట్టింది.

విచారణ సంఘం కూర్చుంది. ఒక్క వీధి ఎవరి అనుమతితో ఆరోగ్యంగా ఉందని నిలదీసింది. ఆరా తీస్తే అమ్మ తేలింది. సంఘం మెచ్చుకుంది కూడా, ఇంత వేగం తమ సాఫ్ట్‌వేర్‌కి లేదని ఒప్పుకుంది. అందుకే తర్వాతి అప్‌డేట్‌లో ఆవిడకీ యూజరు పేరు, పాస్‌వర్డు ఇచ్చి వ్యవస్థలో కలిపేశారు. ఇకమీదట ఆమోదం రాకముందే ఆవిడ నోరు విప్పితే కొడుకు ఉద్యోగం ఊడుతుందని అడుగున సన్నటి అక్షరాల్లో రాశారు.

రెండు నెలలకి గొట్టం మళ్ళీ పగిలింది. పక్కింటి పిల్ల చంకలో పసిపాపతో, చేతిలో గ్లాసుతో గుమ్మం దగ్గరికొచ్చింది.

"పిన్నీ, దీనికి పట్టొచ్చా?"

అమ్మ గ్లాసుకేసి చూసింది. పాపకేసి చూసింది. కొడుకు గుర్తొచ్చి, ఫోనుకేసి చూసింది.

"పరిశీలనలో ఉందమ్మా" అంది.