నాలుగు నిమిషాల్లో నూరు శాతం ఖాళీ

"అణువు పేలినా సరే, నా నియోజకవర్గంలో చీమకైనా హాని జరగదు!" అని మంత్రిగారు పొదిలిలో ప్రకటించారు. సభలో చీమలు లేవు కాబట్టి మనుషులే చప్పట్లు కొట్టారు.

ఆ మాట నిజం చేసే మహద్భాగ్యం తహసీల్దారు అంకమ్మరావుగారికి దక్కింది. నక్కలదిన్నె ఊరి పక్కనే పరిశోధనా రియాక్టర్ ఉంది. అందులో ఏదైనా తేడా వస్తే జనం ఏం చెయ్యాలో మంత్రిగారి ఎదుట మాక్ డ్రిల్ చేసి చూపించాలి. సైరన్ మోగగానే అందరూ ఇళ్ళలోకి వెళ్ళి తలుపులు బిడాయించుకోవాలి. తహసీల్దారు చెప్పేదాకా బయటికి రాకూడదు. అంతే. ఇది బాగా జరిగితే ఆయనకు డిప్యూటీ కలెక్టర్ ప్రమోషన్. ఆ ఫైలు మూడేళ్ళుగా నిద్రపోతోంది. ఆయనకు మాత్రం నిద్ర లేదు.

చిలకలూరిపేట నుంచి నూలు మిల్లు సైరన్ ఒకటి తెప్పించి, లారీ మీద కట్టించి, ముందురోజు రిహార్సల్ పెట్టారు. సైరన్ కూసింది. ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా బయటికి పరుగెత్తారు. రెండు నిమిషాల్లో ఊరంతా కళ్ళాల్లో ఉంది. ఆరబోసిన మిరపకాయల మీద టార్పాలిన్ పట్టలు కప్పేసింది. కళ్ళంలో కాయ ఉన్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో ఎవరు ఏ కూత పెట్టినా వానొస్తోందనే లెక్క.

"అమ్మా, ఇది వాన కాదు, రేడియేషన్!" అని అంకమ్మరావుగారు మొత్తుకున్నారు.

"అది కాయని తడుపుద్దా?" అంది సుబ్బరావమ్మ. అయిదెకరాల కాయ ఆమెది. ఊళ్ళో ఆమె మాటకు తిరుగులేదు.

"తడపదమ్మా."

"మరెందుకండీ అంత భయం?"

"భయం కాదు, రూలు. మీరు లోపలికి వెళ్ళాలి."

"మేం లోపలికి పోతే కాయకి కాపలా ఎవరు? మీరుంటారా?"

అంకమ్మరావుగారి దగ్గర ప్రతి సమస్యకూ ఒక ఆర్డరు ఉంటుంది. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల సిబ్బందిని నలభై మందిని పట్టలతో కళ్ళాల దగ్గర నిలబెట్టారు. పట్ట మూలలు ఎలా పట్టుకోవాలో సుబ్బరావమ్మే నేర్పింది. వ్యవసాయ శాఖ వాళ్ళకు రెండుసార్లు నేర్పాల్సి వచ్చింది.

మర్నాడు పదకొండింటికి సైరన్ మోగింది. ఊరు ఊరంతా లోపలికి వెళ్ళి గడియలు పెట్టుకుంది. వీధిలో కోడి కూడా లేదు.

"చూశారా మన సంసిద్ధత! ప్రమాదమా, రా చూసుకుందాం!" అని మంత్రిగారు వేదిక మీంచి సవాలు విసిరారు. "అంకమ్మరావుగారూ, మీ ఫైలు నేను చూసుకుంటాను" అని కూడా అన్నారు. తహసీల్దారు కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పుడు మళ్ళీ సైరన్ మోగింది.

"బాగుంది. ఇక ఆపించండి" అన్నారు మంత్రిగారు.

అంకమ్మరావుగారు లారీ వైపు చూశారు. ఆపరేటర్ కోటేష్ అప్పటికే వైరు ఊడదీసి చుట్ట చుడుతున్నాడు.

"మనది కాదండి" అన్నాడు కోటేష్. "రియాక్టర్‌ది."

ఆ తరువాత జరిగినదాన్ని క్రమశిక్షణ అనే అనాలి. ప్రోటోకాల్ ప్రకారం మంత్రిగారి కారు ముందు, అంకమ్మరావుగారి జీపు వెనక. నలభై మంది సిబ్బంది పట్టలతో సహా దొరికిన బండి ఎక్కారు. ఒకరినొకరు తోసుకున్నారే గాని, ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

సింగరాయకొండ చేరి హైవే పక్కన ఆగాక, అంకమ్మరావుగారు జీపులోనే కూర్చుని రిపోర్టు రాశారు. "ప్రమాద స్థలం నాలుగు నిమిషాల్లో నూరు శాతం ఖాళీ. అందరూ క్షేమం."

ఫోన్ మోగింది. సుబ్బరావమ్మ.

"సారూ, గంటన్నర నుంచి లోపలే ఉన్నామండి. ఒక్కళ్ళం కూడా గడప దాటలా. రెండో సైరన్ మోగినా కదల్లేదు. మీరు చెప్పేదాకా రావద్దన్నారు గదా. ఇప్పుడు రావచ్చాండీ?"

ఊరంతా తన మాట విన్నందుకు ఆయనకు గర్వం కలిగింది. కానీ రియాక్టర్‌లో ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. అక్కడి గాలి సురక్షితమని రాస్తే గాని రిపోర్టు పూర్తి కాదు. మంత్రిగారు అప్పటికే రెండుసార్లు అడిగించారు.

"అందరూ ఒక్కసారే తొందరపడకండమ్మా" అన్నారు, ఎంతో ఆప్యాయంగా. "ముందు మీరొక్కరు తలుపు తీసి, బయటికెళ్ళి, గట్టిగా గాలి పీల్చి ఎలా ఉందో చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను."