ఓబమ్మ గొంతుకి ఒక్క స్టారు

ఆ సోమవారం పొద్దున తిరుపాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పళ్లు తోముకోవడం, టీ తాగడం, తన యాప్‌కి జనం ఎన్ని స్టార్లిచ్చారో చూసుకోవడం, ఆ సంబరంలోనే బెంగళూరులోని పాత మేనేజరుకి ఫోన్ చేసి ఇక ఉద్యోగంలోకి తిరిగి రానని చెప్పేయడం. పళ్లు తోముకోవడం దాకా అంతా అనుకున్నట్టే జరిగింది.

తిరుపాలుది వరికుంటపాడు పక్కన గొర్రెలు మేపుకునే ఇల్లు. చాన్నాళ్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెట్టి, భార్య సుకుమారికి ఆత్మకూరులో టీచరు పోస్టు రాగానే అక్కడి ట్రాఫిక్‌కీ మీటింగులకీ ఓ దణ్ణం పెట్టి వచ్చేశాడు. బస్ డిపో వెనక మేడ మీద గదిలో కూర్చుని, గొర్రెల కాపర్ల కోసం 'మందకాపరి' అని ఓ యాప్ తయారుచేశాడు. గొర్రెపిల్లలకి టీకా ఎప్పుడు వేయించాలో, వాన ఎటు పడుతోందో, తప్పిపోయిన గొర్రె ఎవరి మందలో కలిసిందో అది చెబుతుంది. చదువు రానివాళ్ల కోసం దానికి గొంతు కూడా పెట్టాడు. ఆ గొంతు వాళ్ల అవ్వ ఓబమ్మది. "నాయనా, రేపు పిల్లలకి సూది ఏపించాల. మర్చిపోబాక" అని ఫోన్‌లో ఓబమ్మ అందంటే, చెట్టు కింద కునుకు తీస్తున్న కాపరి కూడా లేచి కూర్చోవలసిందే.

ఇంట్లో ఒప్పందం ఒకటే. ఏడాది చూడాలి. యాప్ నిలబడితే అందరూ ఆత్మకూరులోనే. నిలబడకపోతే తిరుపాలు బెంగళూరులో, సుకుమారీ పాపా ఇక్కడ. ఏడాది అయిపోవచ్చింది. మేనేజరు మంచివాడే గానీ, శుక్రవారం సాయంత్రం లోపల అవునో కాదో తేల్చమన్నాడు.

యాప్ తయారుచేయడం ఒక ఎత్తు, దాన్ని స్టోరులో పెట్టించడం ఇంకో ఎత్తు. ఆ స్టోరు ఏ దేశంలో ఉందో, అందులో మనుషులున్నారో లేదో తిరుపాలుకి ఇప్పటికీ తెలియదు. పంపినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టి తిప్పికొట్టేది. గొర్రె ఫొటో పెడితే, ప్రాణుల్ని అమ్మడం నిషేధం అంది. అమ్మడం కాదు మహాప్రభో, తప్పిపోయిందని చాటింపు వేయడం అని రాస్తే, తప్పిపోయిన ఆ వ్యక్తి తన ఫొటో వాడుకోవడానికి అనుమతి ఇచ్చారా అని అడిగింది. ఇన్ని గండాలు దాటి యాప్ బయటపడింది. ఆదివారం నాడు తిరుపాలు అందులో ఇంకో సంగతి చేర్చాడు. "యాప్ ఎట్టుండాదో స్టార్లు ఎయ్యండి నాయనా" అని ఓబమ్మ చేతే అడిగించాడు.

సోమవారం టీ గ్లాసు పక్కన పెట్టుకుని చూస్తే, వేసినవాళ్లంతా ఒక్క స్టారే వేశారు. అది చాలదన్నట్టు కింద రాతలు కూడా. "దండగమారి యాప్." "ఎందుకూ పనికిరాదు, ఎవురూ ఎక్కించుకోబాకండి." "ఆ ముసిల్దాని గొంతు ఇనలేక చస్తా ఉండాం." ఈ ఆఖరిది రాసింది ఎవరో కాదు, అవ్వ ఇంటి పక్కనే ఉండే పెంచలయ్య. తిరుపాలుని భుజాన ఎక్కించుకుని తిప్పిన మామ. ఆ పేరు చూడగానే తిరుపాలుకి కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది. మేనేజరుకి ఫోన్ చేయలేదు. టీ చల్లారిపోయింది.

సుకుమారి నెల్లూరు టౌనులో పుట్టి పెరిగిన మనిషి. రాతలన్నీ చదివి, ఎక్కువమంది గొంతునే తిడుతున్నారు కదా, ముందు దాన్ని మార్చి చూడమంది. గొంతు తిరుపాలు సొంత సర్వరులో ఉంటుంది కాబట్టి మార్చడానికి స్టోరు కాళ్లు పట్టుకోనక్కర్లేదు. అవ్వకి చెప్పడానికి మొహం చెల్లక, చెప్పకుండానే ఆమె గొంతు తీసేసి కంప్యూటరు గొంతు పెట్టాడు. ఆ కంప్యూటరు పిల్ల చదువుకున్నది. "ప్రియమైన వినియోగదారులారా, మీ జీవాలకు టీకా సమయం ఆసన్నమైనది" అని సెలవిచ్చేది.

మంగళవారం కొత్తగా ఒక్క తిట్టూ రాలేదు. తిరుపాలు గుండె కాస్త కుదుటపడింది. మధ్యాహ్నం లెక్కలు తీసి చూస్తే, అసలు యాప్ తెరిచినవాళ్లే లేరు. తిట్టేవాళ్లు కూడా పోయారన్నమాట.

అప్పుడు రంగంలోకి దిగాడు డేవిడ్‌రాజు. ఇంటర్‌లో తిరుపాలు పక్క బెంచీ, ఇప్పుడు డిపో ఎదురుగా సెల్‌ఫోన్ల షాపు. ప్రార్థన చేస్తూ కూర్చుంటే ప్రభువు మాత్రం ఏం చేస్తాడు, మన చేతిలో ఉన్న పని మనం చేయాలి అన్నాడు. తిరుపాలు వద్దన్నాడు గానీ గట్టిగా అనలేదు. డేవిడ్‌రాజు తన షాపుకి రిపేరుకొచ్చిన ప్రతి ఫోన్‌లోనూ యాప్ ఎక్కించి ఐదేసి స్టార్లు కొట్టాడు. స్క్రీన్ గార్డు వేయించుకోడానికి వచ్చినవాళ్ల చేతా కొట్టించాడు. ఏం రాయాలని వాళ్లు అడిగితే ఆ శ్రమ కూడా లేకుండా "సూపర్ యాప్. అందరూ వాడండి" అని తనే అతికించాడు. బుధవారం సాయంత్రానికి యాప్ రేటింగు లేచి కూర్చుంది. ఇద్దరూ డిపో దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నారు.

గురువారం స్టోరు నుంచి నోటీసు వచ్చింది. మీ యాప్‌కి నకిలీ రేటింగులు వస్తున్నాయి, స్టోరు నుంచి తీసేశాం, శుక్రవారం లోపల సంజాయిషీ ఇవ్వకపోతే ఇక శాశ్వతంగా తీసేస్తాం అని దాని సారాంశం. డేవిడ్‌రాజు ఆ నోటీసు చదివి, తను చేసింది సాయమే కదా అని నొచ్చుకున్నాడు. తిరుపాలు అతన్ని తిట్టలేకపోయాడు. బజ్జీలు తనూ తిన్నాడు మరి.

సుకుమారి కూడా నోటీసు చదివింది. అటక మీంచి పెద్ద సూట్‌కేసు దించి దుమ్ము దులిపింది. దులుపుతూనే, "పోతే పో. పాప నిన్ను ఫోన్‌లో చూసి నాయనా అంటది. అలవాటైపోద్దిలే" అంది. ఆ ఆఖరి మాట తిరుపాలుకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

శుక్రవారం పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కాడు. బెంగళూరు పోతున్నానని అవ్వకి తన నోటితోనే చెప్పాలి. గొంతు తీసేసినందుకు క్షమించమని కూడా అడగాలి. ఉదయగిరిలో దిగి, ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని ఇంటికి చేరాడు. ఓబమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పక్కన అరుగు మీద పెంచలయ్య ఫోన్ పట్టుకుని ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ తిరుపాలుని రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"ఆ పిల్ల ఎవుర్రా ఫోన్లో?" అన్నాడు పెంచలయ్య. "మా ఓబమ్మత్త ఏమైంది? ఆ పిల్ల మాట్లాడతా ఉంటే నాకు ముక్క అర్థం కాల. మా వీధిలో ఎవురమూ తెరవడం లేదు."

తిరుపాలుకి ఒళ్లు మండింది. నాలుగు రోజులుగా దాచుకున్నదంతా వెళ్లగక్కాడు. గొంతు వినలేక చస్తున్నామని రాసింది నువ్వు కాదా మామా, దండగమారి యాప్ అని ఊరంతా రాసింది చూళ్లేదనుకున్నావా, మీ మూలంగానే కదా నేను పెళ్లాం బిడ్డల్ని వదిలి పోతున్నది అని అడిగేశాడు. పెంచలయ్య నిదానంగా అంతా విన్నాడు.

"రాసినాను. తప్పిపోయిన నా పొట్టేలు నీ యాప్‌లోనే గదా దొరికింది. అందుకే ఒకటి ఏసినాను" అన్నాడు.

తిరుపాలుకి తల తిరిగింది. ఓబమ్మ అందుకుంది.

"ఒకటే ఎయ్యమని నేనే చెప్పినాన్రా అందరికీ. బాగుండాది, బాగుండాది అని లోకమంతా చూసేచోట రాస్తారా ఎవురన్నా? దిష్టి కొట్టకుండా ఊరుకుంటదా?"

అప్పుడు గుర్తొచ్చింది తిరుపాలుకి. ఈ ఇంట్లో ఈనిన గొర్రెపిల్లల్ని ఎవరూ పైకి లెక్కపెట్టరు. మంద ఎలా ఉందని దారిన పోయేవాళ్లు అడిగితే, ఏదో బక్కవి నాలుగు ఉన్నాయంటారు. తను పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చిన రోజున, ఓబమ్మ వీధి వీధంతా తిరిగి "ఏదో గట్టెక్కినాడు" అని దిగులు మొహం పెట్టుకుని చెప్పింది. ఎంత ప్రేముంటే అంత తక్కువ చేసి చెప్పే ఊళ్లో పుట్టి, నాలుగు అక్షరాలు వచ్చాక ఆ భాషే మర్చిపోయాడు.

ముందు ఓబమ్మ కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఆమె "పో, దొంగ నా బట్టా" అని నెత్తి మీద ఒకటి మొట్టింది. ఆ మంచం మీదే లాప్‌టాప్ తెరిచి ఆమె గొంతు మళ్లీ పెట్టేశాడు. తరవాత స్టోరుకి సంజాయిషీ రాశాడు. ఐదు స్టార్లు నా స్నేహితుడి పని, వద్దని గట్టిగా చెప్పకపోవడం నా తప్పు, అవి తీసేయండి. ఒక్క స్టార్లు మాత్రం నా జనం మనస్ఫూర్తిగా ఇచ్చినవి, మా దగ్గర నచ్చినదాన్ని నలుగురిలో పొగడరు అని ఉన్నదున్నట్టు రాసి పంపాడు. పంపాక, ఇది చదివి ఎవరు నమ్ముతార్లే అని లాప్‌టాప్ మూసేశాడు. ఓబమ్మ పెట్టిన సంగటి తిన్నాడు.

పొద్దు వాలుతుండగా జవాబు వచ్చింది. ఈసారి ఎవరో మనిషే చదివినట్టుంది. ఐదు స్టార్లన్నీ ఒకేచోటి నుంచి ఒకే రాతతో వచ్చాయి కాబట్టి తొలగించాం. ఒక్క స్టారు ఇచ్చినవారిలో ఒక్కరు కూడా యాప్‌ని తీసేయలేదు, సోమవారం దాకా రోజూ తెరిచారు. తన యాప్‌ని ఇన్ని రకాలుగా తిట్టించడానికి ఎవరూ మనుషుల్ని పెట్టుకోరు కనుక, ఇవి నిజమైన వాడుకరుల రాతలేనని నిర్ధారించాం. యాప్‌ని స్టోరులో తిరిగి ఉంచాం.

తిరుపాలుకి నాలుగు రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. సుకుమారికి ఫోన్ చేసి అంతా చెప్పాడు. తరవాత అవతలి నుంచి సూట్‌కేసు అటక మీదికి తోసిన చప్పుడు వినిపించింది. "వచ్చేటప్పుడు పాపకి ఏమన్నా పట్టుకురా" అని మాత్రం అంది. రేటింగు మళ్లీ ఒకటి దగ్గరే నిలబడి ఉంది. యాప్ తెరిచేవాళ్లు మాత్రం సంజె వేళకే మళ్లీ మొదలయ్యారు.

అంతలో మేనేజరే ఫోన్ చేశాడు. రావడం లేదని తిరుపాలు చెప్పాక, ఆయన నొచ్చుకోకుండా యాప్ బాగా నడుస్తోందా అని అడిగాడు. తిరుపాలు ఓబమ్మ వైపు చూశాడు. ఓబమ్మ కళ్లు పెద్దవి చేసి చూస్తోంది.

"ఏం యాపులెండి సార్. ఏదో అట్టా ఉండాది, ఎందుకూ పనికిరాదు" అన్నాడు తిరుపాలు దిగులుగా.

మేనేజరు పాపం నిజమేననుకుని, తన వంతు సాయంగా ఆ పూటే ఐదు స్టార్లు వేశాడు. వాటిని తీసేయించమని తిరుపాలు స్టోరుకి ఇంకో అర్జీ పెట్టుకున్నాడు.